చేతి తప్పు, మనసు తప్పు: ఇంగ్లండు చట్టంలో నేర బాధ్యత

2000 ఆగస్టు. లండన్‌కు ఉత్తరాన న్యూపోర్ట్ ప్యాగ్నెల్ అనే చిన్న పట్టణం. పదకొండేళ్ల పిల్లాడొకడు, పన్నెండేళ్ల పిల్లాడొకడు ఇంట్లో చెప్పకుండా రాత్రి బయట క్యాంపింగ్‌కు వెళ్లారు. తెల్లవారుజామున ఒక దుకాణం వెనక పెరట్లోకి దూరారు. అక్కడ న్యూస్‌పేపర్ల కట్టలు కనిపించాయి. లైటర్‌తో కొన్నిటికి నిప్పంటించి, ఒక పెద్ద ప్లాస్టిక్ చెత్తడబ్బా కిందికి విసిరారు. ఆర్పకుండానే వెళ్లిపోయారు. కింద ఉన్నది కాంక్రీటు నేల కాబట్టి కాగితాలు కాలిపోయి మంట దానంతటదే ఆరిపోతుందనుకున్నారు. ఆరలేదు. డబ్బా అంటుకుంది, పక్క డబ్బా అంటుకుంది, అక్కణ్నించి మంట దుకాణం చూరు పట్టుకుని పైకప్పుకు పాకింది. నష్టం సుమారు 10 లక్షల పౌండ్లు.

ఈ వార్త చదివితే ఎవరికైనా ముందు కళ్లకు కనిపించేది ఆ 10 లక్షల పౌండ్లే. అంత నష్టం చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందేనని నోటికి వచ్చేస్తుంది. కానీ ఇంగ్లండు క్రిమినల్ చట్టం నష్టం లెక్కతో మొదలుపెట్టదు. ఆ పిల్లలు చేసిందేమిటి, చేస్తున్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నదేమిటి అనే రెండు విషయాలు విడివిడిగా తేల్చాలంటుంది. ఈ పిల్లల మనసు గురించి 2001లో కింది కోర్టు ఒక తీర్పు చెప్పింది. 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పటి అత్యున్నత కోర్టు, దాన్ని పూర్తిగా తిరగేసింది. ఎందుకు తిరగేసిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

"ఆక్టస్ నాన్ ఫసిట్ రియమ్ నిసి మెన్స్ సిట్ రియా" అని ఒక లాటిన్ సూత్రం ఉంది. 17వ శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ రాతల వల్ల ఇంగ్లండులో స్థిరపడింది. మనసులో తప్పు లేకపోతే చేసిన పని ఒక్కటే మనిషిని దోషిని చేయదని దాని భావం. ఇందులోంచే లా విద్యార్థులు మొదటి క్లాసులో నేర్చుకునే రెండు మాటలు పుట్టాయి. చేసిన పని ఆక్టస్ రియస్, మనసులోని తప్పు మెన్స్ రియా. తెలుగులో హాయిగా చెప్పుకోవాలంటే చేతి తప్పు, మనసు తప్పు. మనం దేవుడి ముందు దండం పెట్టుకుని "తెలిసో తెలియకో చేసిన తప్పులు మన్నించు" అంటాం. ఒకే మాటలో రెండు రకాల తప్పులనూ కలిపేస్తాం. చట్టానికి ఆ వీలు లేదు. తెలిసి చేసిందేదో తెలియక చేసిందేదో విడదీయడమే దాని పనిలో సగం. మనసులో వంద హత్యలు చేసినా, చేత్తో ఏమీ చేయకపోతే నేరం లేదు. చేత్తో ఒకరి ప్రాణం పోయినా, మనసు ఏ పాపమూ ఎరగకపోతే హత్య లేదు.

మరి ఆ మనసు తప్పు ఉందని ఎవరు రుజువు చేయాలి? ఈ ప్రశ్నకు తిరుగులేని జవాబు రావడానికి 1935 దాకా పట్టింది. అదీ ఒక పాలేరు మెడకు ఉరితాడు దాకా వచ్చాక.

రెజినాల్డ్ వూల్మింగ్టన్ డార్సెట్ ప్రాంతంలో పొలం పనులు చేసుకునే 21 ఏళ్ల కుర్రాడు. 1934 ఆగస్టులో వయొలెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు 17. అక్టోబరులో బిడ్డ పుట్టింది. నవంబరులో గొడవపడి ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది, రమ్మంటే రాలేదు. డిసెంబరు 10న అతను తన యజమాని తుపాకీ తీసుకుని, గొట్టం కోసి పొట్టి చేసి, తీగ కట్టి కోటు కింద వేలాడదీసుకుని, సైకిలెక్కి అత్తవారింటికి వెళ్లాడు. రానంటే నన్ను నేను కాల్చుకుంటానని బెదిరిద్దామనుకున్నానని, తుపాకీ బయటికి తీసి చూపించబోతే పేలిపోయిందని కోర్టులో చెప్పాడు. గుండు ఆమె గుండెలోంచి దూసుకుపోయింది.

నిజంగా ఏం జరిగిందో ఆ గదిలో ఉన్నది ఇద్దరే, అందులో ఒకరు లేరు. టాంటన్‌లో జరిగిన మొదటి విచారణలో జ్యూరీ, అంటే దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందం, ఒక మాట మీదికి రాలేకపోయింది. బ్రిస్టల్‌లో రెండో విచారణ జరిగింది. అక్కడ జస్టిస్ స్విఫ్ట్ జ్యూరీకి దారి చూపిస్తూ చెప్పిందేమిటంటే, ఈ మనిషి చేతిలో ఆమె చనిపోయిందని ప్రాసిక్యూషన్ చూపించేసింది కాబట్టి చట్టం దాన్ని హత్యగానే అనుకుంటుంది, ప్రమాదమని అతనే జ్యూరీని ఒప్పించుకోవాలి. 18వ శతాబ్దపు న్యాయ గ్రంథం ఒకటి ఆ మాటకు ఆధారం. జ్యూరీ దోషి అంది. ఉరిశిక్ష పడింది. అప్పీలు కోర్టు కూడా కాదనలేదు.

హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ సాంకీ ఆ పాత వాదాన్ని పక్కన పెట్టేశాడు. ఇంగ్లండు క్రిమినల్ చట్టమనే నేత అంతటా ఒక బంగారు పోగు కనిపిస్తుందని, నేరాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దే అన్నది ఆ పోగు అని ఆయన చెప్పాడు. మతిస్థిమితం లేదన్న వాదన, పార్లమెంటు ప్రత్యేకంగా చెప్పిన కొన్ని సందర్భాలు మాత్రమే మినహాయింపు. ప్రమాదమేమోనన్న అనుమానం సబబైనదిగా మిగిలితే చాలు, నిందితుడు విడుదల కావాలి. వూల్మింగ్టన్ విడుదలయ్యాడు.

ఆ తీర్పు అసలు విలువ ఒక్క పాలేరు బతికి బయటపడటంలో లేదు. శవం కళ్లెదుట ఉంది కాబట్టి మనసులో చంపాలనే ఉండి ఉంటుందని ఊహించేసుకునే అలవాటును అది కోర్టు గడప బయట నిలబెట్టింది. ఆ అలవాటు మాత్రం ఊరుకోలేదు. వేరే వేరే వేషాల్లో మళ్లీ మళ్లీ లోపలికి వచ్చింది. గత శతాబ్దపు ఇంగ్లిష్ క్రిమినల్ చట్టం కథను ఆ రాకపోకల కథగా చదివితేనే బాగా అర్థమవుతుంది.

ముందు చేతి తప్పు సంగతి చూద్దాం. ఇది సులువుగా కనిపిస్తుంది గానీ కాదు.

1967 ఆగస్టు 31న లండన్‌లో ఒక కానిస్టేబుల్ ఫేగన్ అనే డ్రైవరుకు కారు ఎక్కడ ఆపాలో చూపిస్తున్నాడు. ఫేగన్ కారు తెచ్చి టైరును సరిగ్గా కానిస్టేబుల్ పాదం మీద నిలిపాడు. "నా కాలి మీద ఉంది, తియ్యి" అన్నాడు కానిస్టేబుల్. ఫేగన్ ఒక బూతుమాట అని, ఆగమన్నాడు. ఇంజన్ ఆగిపోయి ఉంది. కానిస్టేబుల్ మళ్లీ మళ్లీ అడిగాక, తాపీగా తాళం తిప్పి కారు వెనక్కి తీశాడు.

కోర్టులో వచ్చిన చిక్కు చిన్నదేం కాదు. టైరు పాదం ఎక్కినప్పుడు కావాలనే ఎక్కించాడని రుజువు కాలేదు, పొరపాటు కావచ్చు. కాలి మీద ఉందని తెలిశాక అతను కొత్తగా చేసిందేమీ లేదు, ఊరికే కూర్చున్నాడు. చేత ఉన్నప్పుడు మనసు లేదు, మనసు చెడినప్పుడు చేత లేదు. రెండూ ఒకే సమయంలో కలిసి ఉంటేనే నేరమని కదా సూత్రం. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు దీనికి ఒక దారి కనిపెట్టారు. టైరు పాదం మీద ఉన్నంతసేపూ ఆ చేత సాగుతూనే ఉంది, మధ్యలో దురుద్దేశం వచ్చి కలిసింది, అక్కడితో నేరం పూర్తయింది అన్నారు. మూడో జడ్జి బ్రిడ్జ్ ఒప్పుకోలేదు. ఏమీ చేయకుండా కూర్చున్న మనిషి దాడి చేశాడని ఎలా అంటామన్నది ఆయన ప్రశ్న. తర్కంలో ఆయన మాటే గట్టిది.

దీనికి చక్కటి జవాబు 1983లో వచ్చింది. మిల్లర్ అనే మనిషి బర్మింగ్‌హామ్‌లో ఖాళీ ఇంట్లో తలదాచుకుంటూ, సిగరెట్ ముట్టించి పరుపు మీదే నిద్రపోయాడు. మెలకువ వచ్చి చూస్తే పరుపు రాజుకుంటోంది. లేచి పక్క గదిలోకి వెళ్లి మళ్లీ పడుకున్నాడు. ఇల్లు కాలింది. నిద్రలో సిగరెట్ జారడం నేరం కాదు. కానీ ప్రమాదాన్ని తనే తెచ్చిపెట్టానని తెలిశాక, చేతనైనంతలో దాన్ని ఆపాల్సిన బాధ్యత అతనిదేనని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఫేగన్ కేసును కూడా ఇదే చూపుతో చూస్తే, చేతను సాగదీసే అవసరమే ఉండేది కాదు.

చేయకపోవడం నేరమయ్యే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. అన్నిటికీ మూలం ఒకటే, ముందే తలకెత్తుకున్న బాధ్యత. 1902 నాటి పిట్‌వుడ్ కేసు మన గేట్‌మన్లకు బాగా తెలిసే కథ. సోమర్సెట్‌లో ఒక లెవల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్ బండి కోసం గేటు తీశాడు. వేయడం మరిచిపోయి భోజనానికి వెళ్లాడు. పది నిమిషాల్లో ఎండుగడ్డి బండి పట్టాల మీదికి రావడం, రైలు గుద్దడం, ఒక మనిషి పోవడం జరిగిపోయాయి. నా ఒప్పందం రైల్వే కంపెనీతో, దారిన పోయేవాళ్లతో కాదని అతని తరఫున వాదించారు. జీతం తీసుకునేదే దారిన పోయేవాళ్ల ప్రాణాలు కాపాడటానికి అని కోర్టు ఆ వాదనను కొట్టేసింది. అది మ్యాన్‌స్లాటర్, అంటే హత్య స్థాయికి రాని నరహత్య. కన్నబిడ్డకు తిండి పెట్టకుండా చంపిన తల్లిదండ్రులకూ, కళ్లెదుట ఒకణ్ని కొట్టి చంపుతుంటే కదలకుండా చూసిన పోలీసుకూ ఇంగ్లండులో శిక్షలు పడ్డాయి.

అయితే ఏ సంబంధమూ లేని మనిషి సంగతి వేరు. మోకాలి లోతు నీళ్లలో పసిపిల్ల మునిగిపోతుంటే గట్టు మీద నిలబడి చూసిన దారిన పోయేవాణ్ని ఇంగ్లండు చట్టం ఏమీ అనదు. ఫ్రాన్సులో ఆ పని నేరం. ఇంగ్లండులో పాపం మాత్రమే. స్వేచ్ఛను కాపాడటం కోసమని దీన్ని సమర్థించేవాళ్లున్నారు. చేయి చాస్తే అందే బిడ్డ విషయంలో ఆ సమర్థన మింగుడుపడదు.

చేత ఉంది, చావు ఉంది. ఆ చేత వల్లే ఆ చావు వచ్చిందా అన్నది తర్వాతి మెట్టు. 1910 నాటి వైట్ కేసులో కొడుకు తల్లి తాగే గ్లాసులో సైనైడ్ కలిపాడు. తల్లి సోఫాలో చనిపోయి కనిపించింది. పక్కన గ్లాసు మూడొంతులు నిండుగానే ఉంది. ఆమె పోయింది విషంతో కాదు, గుండె ఆగి. కొడుకు మనసు హంతకుడి మనసే, అయినా హత్య నేరం నిలవలేదు. హత్యాయత్నానికి శిక్ష పడింది.

1975 నాటి బ్లావ్ కేసు దీనికి అటువైపున నిలుస్తుంది. కత్తిపోట్లు తిన్న 18 ఏళ్ల అమ్మాయికి రక్తం ఎక్కిస్తే బతికేది. ఆమె యెహోవా సాక్షి, మతవిశ్వాసం ప్రకారం రక్తం వద్దంది. వద్దంటే ప్రాణం పోతుందని డాక్టర్లు చెప్పినా వినలేదు, మర్నాడు పోయింది. ఆమె మూఢనమ్మకానికి నేను బాధ్యుణ్నా అన్నది పొడిచినవాడి వాదన. హింసకు దిగినవాడు ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్టు స్వీకరించాలి, ఆ మనిషి ఒంటితో పాటు నమ్మకాన్ని కూడా, అని కోర్టు చెప్పింది. సరైన మాట. పొడవడానికి ముందు ఆమె మతం అడగనివాడికి, పొడిచాక ఆ మతాన్ని అడ్డం పెట్టుకునే హక్కు లేదు. కానీ ఎదుటి మనిషి పెద్దవాడై, బుద్ధి తెలిసి, తన చేత్తో తనే చేసుకుంటే లెక్క మారుతుంది. సిరంజిలో హెరాయిన్ నింపి ఇచ్చినవాడు, దాన్ని తనే గుచ్చుకుని చనిపోయినవాడి చావుకు మ్యాన్‌స్లాటర్ దోషి కాడని 2007లో కెనెడీ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

ఒకరిని చంపబోతే ఇంకొకరు చనిపోతే? ఇంగ్లండులో దీనికి చెప్పే పాఠం 1886 నాటి లాటిమర్ కేసు. బెల్టుతో ఒకణ్ని కొట్టబోతే పక్కనున్న ఆమెకు తగిలింది, నేరం నేరమే అన్నారు. మనకు దీనికంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 1912లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పిన ముష్నూరు సూర్యనారాయణ మూర్తి కేసు. నేటికీ దేశమంతటా లా కాలేజీల్లో ఈ తెలుగు పేరు పలకని బ్యాచ్ ఉండదు. నిందితుడు అప్పల నరసింహులు అనే మనిషి పేరున, అతనికి తెలియకుండా, పెద్ద మొత్తాలకు ఇన్సూరెన్స్ చేయించాడు. తన బావమరిది ఇంటికి రమ్మని పిలిచి, ఆర్సెనిక్, పాదరసం కలిసిన విషపు హల్వా పెట్టాడు. నరసింహులు కొంచెం తిని, రుచి నచ్చక మిగతాది పారేశాడు. ఆ ఇంటి ఆడపిల్ల, ఎనిమిది తొమ్మిదేళ్ల పసిది, నిందితుడికి మేనకోడలే, ఆ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నరసింహులు జబ్బుపడి కోలుకున్నాడు. పిల్ల చనిపోయింది.

ఆ పిల్లకు హాని తలపెట్టాలని అతనికి కలలో కూడా లేదు. అది అతని బావమరిది కూతురు. ముగ్గురు జడ్జీల్లో జస్టిస్ సుందర అయ్యర్ ఆ చావును హత్య అనలేమన్నారు. మిగతా ఇద్దరు హత్యే అన్నారు. చంపాలన్న ఉద్దేశం ఉంది, చంపే పని చేశాడు, చావు ఎవరి నోటికి చేరిందన్నది అతని అదృష్ట దురదృష్టాల లెక్క. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న ఈ సూత్రం అప్పటి ఐపీసీ 301వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 102వ సెక్షన్‌గా ఉంది. నంబరు మారింది, హల్వా ముక్క అలాగే ఉంది.

ఇక మనసు తప్పు. దీన్లో మెట్లున్నాయి. అన్నిటికంటే పైమెట్టు ఉద్దేశం. చంపాలనో, తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం ఉంటేనే ఇంగ్లండులో హత్య. హత్య రుజువైతే యావజ్జీవం తప్ప వేరే శిక్ష లేదు. 1965లో ఉరిశిక్ష ఎత్తేసినప్పటి నుంచీ జడ్జి చేతులు అక్కడ కట్టేసే ఉన్నాయి. కాబట్టి ఉద్దేశం అనే మాట ఎంత వెడల్పుగా చదివితే అంతమంది జీవితాంతపు శిక్షలోకి వచ్చేస్తారు.

1960లో ఆ మాటను మరీ వెడల్పు చేశారు. దొంగసొత్తుతో పోతున్న కారును ఒక కానిస్టేబుల్ పట్టుకుని వేలాడాడు. డ్రైవరు స్మిత్ కారును వంకర టింకరగా నడిపాడు. కానిస్టేబుల్ ఎదురొచ్చే కారు కింద పడి చనిపోయాడు. ఆ పరిస్థితిలో మామూలు మనిషికి ఆ ఫలితం తెలిసేదే కాబట్టి స్మిత్ ఉద్దేశించినట్టే లెక్క అని హౌస్ ఆఫ్ లార్డ్స్ అంది. వూల్మింగ్టన్ కేసులో గడప బయట నిలబెట్టిన పాత అలవాటు ఇదే, వేషం మార్చుకుని వచ్చింది. ఈసారి శవానికి బదులు "మామూలు మనిషి" వచ్చాడు. న్యాయవాదుల్లో పెద్ద నిరసన లేచింది. 1967లో పార్లమెంటు చట్టం చేసి, ఫలితం సహజంగా వచ్చేదే అయినంత మాత్రాన ఉద్దేశం ఉందనుకోనక్కర్లేదు, సాక్ష్యమంతా చూసి ఆ మనిషి మనసులో ఏముందో తేల్చాలి అని జ్యూరీలకు చెప్పింది.

అయినా తేల్చాల్సిన కష్టం మిగిలే ఉంది. 1984 గని కార్మికుల సమ్మెలో వేల్స్‌లో ఇద్దరు కార్మికులు, పనికి వెళ్తున్న తోటివాణ్ని భయపెట్టాలని, వంతెన మీంచి కాంక్రీటు దిమ్మె తోశారు. అది ట్యాక్సీ మీద పడి డ్రైవరు పోయాడు. చంపాలని కాదు, అడ్డుకోవాలని. హత్య కాస్తా అప్పీల్లో మ్యాన్‌స్లాటర్ అయింది. చివరికి 1998లో వూలిన్ కేసు కొలతను ఖాయం చేసింది. ఓర్పు నశించి మూడు నెలల కొడుకును విసిరేసిన తండ్రి కేసు అది. పిల్లాడి పుర్రె చిట్లింది. చంపాలన్న కోరిక లేకపోయినా, చావో తీవ్రమైన గాయమో దాదాపు ఖాయమై ఉండి, అది ఖాయమని ఆ మనిషికి తెలిసి ఉంటేనే జ్యూరీ ఉద్దేశం ఉందని అనుకోవచ్చు. ప్రమాదం గట్టిగానే ఉందని తెలిస్తే సరిపోదు. పసివాడి చావు చూసి కడుపు తరుక్కుపోతుంది, నిజమే. ఆ తండ్రికి శిక్ష తప్పలేదు. మ్యాన్‌స్లాటర్ శిక్ష పడింది. చట్టం కాదన్నది హత్య అనే పేరునే.

ఉద్దేశానికి ఒక మెట్టు కింద ఉన్నదాన్ని ఇంగ్లిష్ లాయర్లు రెక్‌లెస్‌నెస్ అంటారు. ప్రమాదం ఉందని తెలిసి కూడా తెగించడం. మనం మామూలుగా నిర్లక్ష్యం అనేది వేరు. నిర్లక్ష్యంలో ప్రమాదం తట్టకపోవచ్చు, తెగింపులో తట్టాలి. 1957 నాటి కనింగ్‌హామ్ కేసులో ఒకడు చిల్లర కోసం సెల్లార్‌లో గ్యాస్ మీటరు పీకేశాడు. గ్యాస్ గోడలోంచి పక్కింట్లోకి పాకి, నిద్రలో ఉన్న ఆమెకు ఊపిరాడలేదు. ఆమె అతని కాబోయే అత్తగారు. అతని శిక్ష రద్దయింది, ఎందుకంటే దొంగతనం చేశాడు కాబట్టి దుర్మార్గుడే అన్నట్టుగా జడ్జి జ్యూరీకి చెప్పాడు. తేల్చాల్సింది అతను దుర్మార్గుడా కాదా అని కాదు. గ్యాస్ ఎవరికైనా హాని చేస్తుందని అతనికి తట్టిందా అని.

1981లో కాల్డ్‌వెల్ తీర్పు ఈ కొలతను పడగొట్టింది. తాగిన మత్తులో, తనతో గొడవపడ్డ యజమాని హోటల్‌కు నిప్పు పెట్టినవాడి కేసు. ప్రమాదం మామూలు మనిషికి కొట్టొచ్చినట్టు కనిపించేదైతే చాలు, నిందితుడికి తట్టకపోయినా తెగింపే అన్నారు. తాగుబోతును వదిలిపెట్టకూడదన్న తపన అర్థమవుతుంది. కానీ ఆ వల తాగుబోతు దగ్గర ఆగలేదు. రెండేళ్లకే 14 ఏళ్ల అమ్మాయి ఒకతె అందులో పడింది. చదువు అంతగా ఒంటపట్టని పిల్ల, రాత్రంతా నిద్ర లేకుండా బయట తిరిగి, ఒక తోట షెడ్డులో వైట్ స్పిరిట్ ఒలికించి అగ్గిపుల్ల గీసింది. అంత మంట వస్తుందని ఆ పిల్లకు తెలియదు, వివరించినా అర్థం చేసుకునే శక్తి లేదు. కింది కోర్టు వదిలేసింది. పైకోర్టు, ఇష్టం లేకపోయినా కాల్డ్‌వెల్‌కు కట్టుబడి, ఆమె దోషే అనాల్సి వచ్చింది. మామూలు పెద్దమనిషికి తెలిసేది పిల్లకు తెలియకపోవడం నేరమా?

న్యూపోర్ట్ ప్యాగ్నెల్ పిల్లలు పడ్డదీ ఇదే వలలో. 2001లో జడ్జి కాల్డ్‌వెల్ కొలతనే జ్యూరీకి వినిపించాల్సి వచ్చింది. మామూలు పెద్దవాడికి మంట దుకాణానికి పాకుతుందని తెలిసేదా? తెలిసేదే. అయితే పిల్లలు దోషులే. ఏడాది పాటు పర్యవేక్షణలో ఉండాలన్నారు. శిక్ష చిన్నదే, కానీ తమకు తట్టని ప్రమాదానికి తెగించినట్టు ఆ పిల్లల పేరు మీద రాశారు.

2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తన సొంత తీర్పును తనే తప్పన్నది. లార్డ్ బింగామ్ వాదన సూటిగా ఉంది. తీవ్రమైన నేరానికి శిక్ష పడాలంటే మనసులో తప్పు ఉండాలి. బుద్ధి తక్కువై, ఊహ తక్కువై ప్రమాదం తట్టకపోవడం మనసు తప్పు కాదు. ఆ పిల్లల శిక్షలు రద్దయ్యాయి. కొలత మళ్లీ నిందితుడి సొంత మనసు దగ్గరికి వచ్చింది.

అంటే వయసు ఇంకా ముఖ్యం కావాలి కదా. కానీ ఇంగ్లండు, వేల్స్‌లో పదేళ్లు నిండిన పిల్లవాణ్ని నేరానికి నిలబెట్టవచ్చు. పది నుంచి పద్నాలుగు మధ్య పిల్లలకు తప్పొప్పులు తెలియవనే అనుకోవాలన్న పాత రక్షణను 1998లో తీసేశారు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తెలుసుకుని తీరాల్సిన విషయమిది. ఐదో తరగతి పిల్లాడు కూడా చట్టం దృష్టిలో బాధ్యుడే.

మనసుతో పనిలేని నేరాలూ ఉన్నాయి. స్పీడు లిమిట్ దాటడం అలాంటిది. 1974లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లిన ఒక బఠానీ డబ్బా కేసు దీనికి మంచి బొమ్మ. డబ్బాలో గొంగళిపురుగు వచ్చింది. రంగు, సైజు, బరువు అచ్చం బఠానీలాగే ఉండటంతో యంత్రాలకూ చేతులకూ దొరకలేదు. ఆ కంపెనీ ఆ సీజన్‌లో తయారుచేసిన 35 లక్షల డబ్బాల్లో వచ్చిన ఫిర్యాదులు నాలుగు. అయినా దోషే అన్నారు. తినే తిండి విషయంలో ఇది ఒప్పుకోదగ్గదే. కానీ ఇదే పద్ధతిని జైలు శిక్షలున్న నేరాలకు తెస్తే అన్యాయమవుతుంది. స్టెఫనీ స్వీట్ అనే టీచరు తను అద్దెకు తీసుకున్న ఇంట్లో గదులను వేరేవాళ్లకు అద్దెకిచ్చింది. అద్దెకున్నవాళ్లు గంజాయి తాగారు. ఆమెకు ఏమీ తెలియదు. కింది కోర్టులో శిక్ష పడింది. 1969లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని రద్దు చేసింది. పార్లమెంటు స్పష్టంగా చెప్పనంత వరకూ, మనసు తప్పు లేనివాళ్లను నేరస్థులు చేయాలనుకుందని భావించకూడదు అని లార్డ్ రీడ్ రాశాడు.

అదే దశకంలో అదే పోరు మన సుప్రీంకోర్టులో ఒక తెలుగు జడ్జి చేశారు. 1962 నవంబరులో జ్యూరిక్ నుంచి మనీలా వెళ్తున్న జార్జి అనే ప్రయాణికుడు 34 కిలోల బంగారం జాకెట్‌లో దాచుకుని బొంబాయిలో పట్టుబడ్డాడు. ఇండియా మీదుగా వేరే దేశానికి వెళ్లేవాళ్ల బంగారం కూడా విమాన పత్రాల్లో చూపాలన్న రిజర్వు బ్యాంకు కొత్త నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చి నాలుగు రోజులే అయింది. అతనికి తెలిసే అవకాశమే లేదు. ఇద్దరు జడ్జీలు తెలియక్కర్లేదు, దోషే అన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం మెన్స్ రియా లేకుండా శిక్ష వేయలేమని విడిగా రాశారు. ఆయన మాట వృథా పోలేదు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, వస్తుందని నమ్మి గోధుమలు నిల్వ చేసిన వ్యాపారి నాథూలాల్ కేసులో ఆయనే తీర్పు రాసి అతన్ని విడిచిపెట్టారు. స్వీట్ కేసు తీర్పు కంటే ముందే.

పాత అలవాటు చివరగా వేసిన వేషం గుంపు నేరాల్లో. ఇద్దరు కలిసి దొంగతనానికి వెళ్తారు. ఒకడు హఠాత్తుగా కత్తి తీసి ఒకరిని చంపుతాడు. రెండోవాడి సంగతేమిటి? 1984లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ వలసల నుంచి వచ్చే అప్పీళ్లు వినే లండన్ కోర్టు), ఆ తర్వాత ఇంగ్లండు కోర్టులు, తోటివాడు అలా చేయవచ్చని ముందే తట్టి ఉండి కూడా కొనసాగితే చాలు, రెండోవాడూ హత్య దోషే అన్నాయి. పొడిచినవాడి విషయంలో ఉద్దేశం రుజువు చేయాలి. పొడవనివాడి విషయంలో ఊహ చాలు. పక్కన నిలబడ్డ కుర్రాళ్లు ఎందరో ఈ దారిన యావజ్జీవంలోకి వెళ్లారు. నిలబడి చూసినవాడికి చంపినవాడి కంటే తక్కువ రుజువుతో అదే శిక్ష వేయడాన్ని సమర్థించే వాదన ఏదీ నిలవదు.

2016 ఫిబ్రవరిలో జోగీ కేసులో, హౌస్ ఆఫ్ లార్డ్స్ స్థానంలో వచ్చిన యూకే సుప్రీంకోర్టు, ప్రివీ కౌన్సిల్ ఒకేసారి కూర్చుని, 1984లో చట్టం తప్పు మలుపు తిరిగిందని ఒప్పుకున్నాయి. ముందే తట్టడం ఉద్దేశానికి సాక్ష్యం కావచ్చు గానీ, ఉద్దేశం మాత్రం కాదు. సాయం చేయాలని, ప్రోత్సహించాలని రెండోవాడికీ ఉద్దేశం ఉందని జ్యూరీ తేల్చాలి. జోగీ మళ్లీ విచారణకు వెళ్లి, హత్యకు బదులు మ్యాన్‌స్లాటర్ దోషి అయ్యాడు.

పాత కొలతతో 30 ఏళ్లకు పైగా లోపలికి వెళ్లినవాళ్ల తలుపులు మాత్రం దానంతటవే తెరుచుకోలేదు. గడువు దాటిన అప్పీలు వినాలంటే, చట్టం మారిందని చూపిస్తే సరిపోదని, తమకు పెద్ద అన్యాయం జరిగిందని కూడా చూపాలని ఆ తీర్పులోనే రాశారు. ఆ గడప దాటి హత్య శిక్ష రద్దు చేయించుకోగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావాళ్ల కోసం తల్లులు, అక్కచెల్లెళ్లు ఇంకా పార్లమెంటు చుట్టూ తిరుగుతున్నారు.